సమీకరణం నంబరు ఒక్కటి మారితే

మార్చి చివరి వారం. అనంతపురం కమలానగర్‌లో ఒక డీటీపీ సెంటర్. రాత్రి తొమ్మిదిన్నర దాటినా లోపల ఐదారుగురు ఫైనలియర్ పిల్లలు నిలబడే ఉన్నారు. మరుసటి రోజే ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి. వాళ్ళలో ఒకమ్మాయికి గైడ్ ఆఖరి నిమిషంలో నాలుగో అధ్యాయంలో ఇంకో సమీకరణం చేర్చమన్నారు. 4.7 దగ్గర కొత్తది వచ్చి కూర్చుంది. ఇక పాత 4.7 ఏమో 4.8 కావాలి, 4.8 ఏమో 4.9 కావాలి, అట్లా 4.31 దాకా. "సమీకరణం 4.12 ప్రకారం" అని మధ్యలో రాసుకున్న చోటల్లా మళ్ళీ వెతికి మార్చాలి.

"అన్నీ ఒకటొకటే మార్చల్ల మా. ఇంగో గంట పడ్తాది" అన్నాడు ఆపరేటర్.

మార్చారు. ప్రింటు తీశారు. స్పైరల్ వేశాక చూస్తే 4.15 రెండు చోట్ల ఉంది. ఆ అమ్మాయి ముఖంలో టెన్షన్ ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. నేను ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను, ఆ రోజు నా పని మీద అక్కడ కూర్చుని ఉన్నాను. ఇందులో ఆ పిల్ల తప్పు లేదు, ఆపరేటర్ తప్పు అంతకన్నా లేదు. ఈ ఇబ్బందికి పరిష్కారం దొరికి 40 ఏళ్ళు దాటింది. మన షాపులకూ మన కాలేజీలకూ అది ఎందుకు రాలేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మా ఊళ్ళో ఇంజనీరింగ్ చదువు పాతదే. ఇప్పుడు జేఎన్‌టీయూ అనంతపురంగా ఉన్న కాలేజీ 1946లో మద్రాసు గిండీలో మొదలై 1948లో ఇక్కడికి వచ్చింది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1968లో పీజీ సెంటర్‌గా మొదలై 1981లో యూనివర్సిటీ అయింది. ఆ రోజుల థీసిస్‌లు ఎవరి దగ్గరైనా ఉంటే ఒకసారి తెరిచి చూడండి. ఇంగ్లీషు వచనం టైప్‌రైటర్‌తో కొట్టి ఉంటుంది. సమీకరణం వచ్చే చోట టైపిస్టు ఖాళీ వదిలేవాడు. సిగ్మా, ఇంటిగ్రల్ గుర్తు, ఆల్ఫా, బీటా అన్నీ తర్వాత నల్ల సిరాతో చేత్తో దిద్దేవాళ్ళు. నాకు పాఠం చెప్పిన ఒక సార్ థీసిస్‌లో ఒక పేజీలో ఇంటిగ్రల్ గుర్తు కింది కొస దగ్గర సిరా చుక్క పడి ఉంది. కార్బన్ కాపీల్లో కూడా అదే గుర్తును విడివిడిగా దిద్దారట. లోయర్, హయ్యర్ పాసైన టైపిస్టు వేళ్ళకు అక్షరాలన్నీ వచ్చు, కానీ మీట మీద లేని గుర్తును వేళ్ళు ఎక్కడి నుంచి తెస్తాయి?

ప్రెస్సుల్లో కూడా లెక్కల పుస్తకం అంటే భయమే. సీసం అచ్చులతో భిన్నం కట్టాలంటే కంపోజిటర్ పైన ఒక వరుస, మధ్యలో గీత, కింద ఒక వరుస చేత్తో పేర్చాలి. మామూలు పేజీ కన్నా ఖర్చు ఎక్కువ, చేయగలిగిన వాళ్ళు తక్కువ. సీసం పోయి ఫోటో కంపోజింగ్ వచ్చాక ఖర్చు తగ్గింది, అందం కూడా తగ్గింది. 1977లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ డొనాల్డ్ క్నూత్ తన 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' రెండో సంపుటం కొత్త ముద్రణకు గ్యాలీ ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు దిద్దుకునే కాగితాలు, చూసుకున్నాడు. పాత ముద్రణతో పోలిస్తే అవి చూడలేనట్టుగా ఉన్నాయి. ఇంకొకరైతే ఉత్తరం రాసి ఊరుకునేవాళ్ళు. ఆయన అక్షరాలు కూర్చే ప్రోగ్రామే రాయడానికి కూర్చున్నాడు. ఏడాదిలో అయిపోతుందనుకున్న పని ఒక కొలిక్కి రావడానికి పదేళ్ళు దాటింది. దాని పేరే టెక్. గ్రీకులో కళ, నేర్పు అనే మాటకు మూలమైన అక్షరాలు టా, ఎప్సిలాన్, కై. అందుకే చివర 'క్' అని పలుకుతాం.

టెక్ మీద నాకున్న గౌరవానికి కారణం ఒకటే. క్నూత్ దాన్ని ఎవరికీ అమ్మలేదు, అందరికీ ఇచ్చేశాడు. తప్పు చూపించిన వాళ్ళకు మొదట్లో 2.56 డాలర్ల చెక్కు రాసి ఇచ్చేవాడు, 256 సెంట్లన్నమాట. కొత్త హంగులు చేర్చడం ఆపేశాక, తప్పు దిద్దినప్పుడల్లా వెర్షన్ నంబరుకు గణితంలోని పై (π) విలువలోని ఇంకో అంకె చేరుతుంది. 2021లో అది 3.141592653 దాకా వచ్చింది. అనంతపురంలో పాత కంప్యూటరు ముందు కూర్చున్న విద్యార్థికి, స్టాన్‌ఫర్డ్‌లో కూర్చున్న ప్రొఫెసరుకు ఒకే పనిముట్టు, పైసా ఖర్చు లేకుండా.

టెక్‌లో నేరుగా రాయడం మాత్రం కష్టం. 1980ల మధ్యలో లెస్లీ లాంపోర్ట్ దాని మీద లేటెక్ కట్టాడు. ఆ రాత్రి షాపులో మాకు కావాల్సింది ఇదే. లేటెక్‌లో సమీకరణానికి నంబరు మనం వేయం, పేరు పెడతాం. బీమ్ వంగడం గురించిన సమీకరణం అనుకోండి, 'లేబుల్' అని రాసి దానికి 'బీమ్' అని పేరిస్తాం. వచనంలో దాన్ని ప్రస్తావించే చోట 'రెఫ్' అని రాసి అదే పేరు ఇస్తాం. మొదటిసారి రన్ చేసినప్పుడు అది పేరుకూ నంబరుకూ ఉన్న జతలన్నీ పక్కన ఒక చిన్న ఫైలులో రాసి పెట్టుకుంటుంది. రెండోసారి రన్ చేసినప్పుడు ఆ ఫైలు చదివి నంబర్లు నింపుతుంది. ఒక్కసారే రన్ చేస్తే నంబరు ఉండాల్సిన చోట రెండు ప్రశ్న గుర్తులు కనిపిస్తాయి. కొత్తవాళ్ళు అక్కడే బెదిరిపోతారు. ఇంకోసారి రన్ చేస్తే చాలు. మధ్యలో ఎన్ని సమీకరణాలు చేర్చినా, తీసేసినా నంబర్ల లెక్క దానిదే.

ఒక చిక్కుంది. లేటెక్‌లో రాయాలంటే టైపింగ్ ఎక్కువ. ఒక్క సమీకరణానికి బ్యాక్‌స్లాష్, 'బిగిన్', బ్రాకెట్లో పేరు, చివర మళ్ళీ బ్యాక్‌స్లాష్, 'ఎండ్', మళ్ళీ పేరు. బిగిన్ రాసి ఎండ్ మరిచిపోతే మొత్తం ఆగిపోతుంది. ఇక్కడే షార్ట్‌కట్ల కథ వచ్చి కలుస్తుంది. నిజానికి అది టెక్ కన్నా ముందే మొదలైంది.

1976 ప్రాంతంలో రెండు ఎడిటర్లు, అంటే కంప్యూటరులో రాసి దిద్దుకునే ప్రోగ్రాములు, పుట్టాయి. ఎంఐటీలో టెకో అనే ఎడిటర్ వాడేవాళ్ళు. ఎవరికి తోచిన మీటల కూర్పులు వాళ్ళు రాసుకునేవాళ్ళు, ఒకరివి ఇంకొకరికి అర్థమయ్యేవి కావు. రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ వాటన్నిటినీ ఒక చోటికి తెచ్చి ఒక పద్ధతిలో పెట్టారు. ఈమాక్స్ అలా పుట్టింది. ఎడిటింగ్ మాక్రోలు అనే మాటల్లోంచి వచ్చిన పేరది. అదే సమయంలో బర్క్‌లీలో బిల్ జాయ్ వీఐ రాశాడు. ఫోన్ లైను మీద నత్తనడకన నడిచే మోడెమ్‌తో పని కాబట్టి తక్కువ మీటలతో ఎక్కువ పని జరగాలి. ఆయన వాడిన ఏడీఎమ్-3ఏ టెర్మినల్‌లో బాణం మీటలు విడిగా లేవు, హెచ్, జే, కే, ఎల్ అక్షరాల మీదే బాణాలు ముద్రించి ఉండేవి. ఎస్కేప్ మీట ఇప్పుడు ట్యాబ్ ఉన్న చోట, చిటికెన వేలికి అందేట్టు ఉండేది. ఇవాళ మా విద్యార్థి ల్యాప్‌టాప్‌లో వీఐకి వారసుడైన విమ్ తెరిచి జే నొక్కితే కర్సరు కిందికి దిగడానికి కారణం ఆ టెర్మినలే. విమ్‌ను బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేసి 2023లో చనిపోయే దాకా చూసుకున్నాడు.

మీటలు ఎందుకట్లా ఉన్నాయో చెప్తే పిల్లలు వాటిని బట్టీ పట్టక్కర్లేదు, గుర్తుండిపోతాయి. అందుకే మొదటి క్లాసులో ఈ టెర్మినల్ బొమ్మే చూపిస్తాను.

డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్ యూనివర్సిటీ వాళ్ళు ఈమాక్స్‌కు లేటెక్ రాయడం కోసం ఏయూసీటెక్ చేర్చారు. కంట్రోల్ సీ, కంట్రోల్ ఈ నొక్కితే ఏ రకం భాగం కావాలని అడిగి బిగిన్, ఎండ్ రెండూ అదే వేస్తుంది. 2004లో వచ్చిన టెక్స్ట్‌మేట్ అనే ఎడిటర్ ఇంకో అలవాటు నేర్పింది. రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మొత్తం చట్రం వచ్చేస్తుంది, కర్సరు నింపాల్సిన మొదటి ఖాళీలో నిలబడుతుంది, మళ్ళీ ట్యాబ్ నొక్కితే రెండో ఖాళీకి పోతుంది. వీటినే స్నిపెట్లు అంటున్నాం. ఈ పద్ధతి విమ్‌కు, ఈమాక్స్‌కు, తర్వాత వచ్చిన వీఎస్ కోడ్‌కు కూడా పాకింది. బెల్జియంలో గణితం చదివే జీల్ కాస్టెల్ 2019లో తన స్నిపెట్లన్నీ అందరి ముందు పెట్టాడు. క్లాసులో ప్రొఫెసరు బోర్డు మీద రాస్తున్నంత వేగంగా లేటెక్‌లో నోట్సు రాసేవాడు. డీ, ఎమ్ అని రెండక్షరాలు కొడితే విడి సమీకరణానికి చోటు తయారు, రెండు స్లాష్‌లు కొడితే భిన్నం తయారు. 2022లో చిన్న వయసులోనే ఆయన పోయాడు. ఆయన స్నిపెట్లను ఇవాళ మా కాలేజీలో కూడా ఇద్దరు ముగ్గురు వాడుతున్నారు.

ఇదంతా ఉచితమే కదా, మరి మన దగ్గరికి ఎందుకు రాలేదు? మన డీటీపీ సెంటర్లు పుట్టింది పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, కోర్టు కాగితాల మీద. పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్, తెలుగుకు అనూ ఫాంట్లు, ఆ తర్వాత వర్డ్. అనూ ఆపరేటర్ల వేళ్ళ నేర్పు చూస్తే ముచ్చటేస్తుంది, ఏ ఒత్తు ఏ మీట కూర్పులో ఉందో కళ్ళు మూసుకుని కొడతారు. షార్ట్‌కట్ అంటే వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ నేర్పంతా అక్షరాల మీదే ఆగిపోయింది, డాక్యుమెంటు నిర్మాణం దాకా పోయే పనిముట్టు వాళ్ళ చేతికి ఎవరూ ఇవ్వలేదు.

కాలేజీల్లో ఉన్నది సీనియర్ నుంచి జూనియర్‌కు పెన్‌డ్రైవ్‌లో చేతులు మారే వర్డ్ ఫైలు. దాన్నే టెంప్లేట్ అంటారు. అందులో శీర్షికలకు స్టైల్ ఉండదు, బోల్డ్ చేసి సైజు పెంచి ఉంటుంది. విషయసూచిక చుక్కలు కొట్టి చేసి ఉంటుంది. నేను పనిచేసిన ఒక చోట అలాంటి ఫైలులోని సమీకరణాలన్నీ పాత ఈక్వేషన్ ఎడిటర్ 3.0తో చేసినవి. భద్రతా లోపం కారణంగా మైక్రోసాఫ్ట్ 2018 జనవరిలో దాన్ని తీసేసింది. ఆ తర్వాత ఆ సమీకరణాలు కనిపిస్తాయి, దిద్దడానికి మాత్రం రావు. ఒక పరిశోధక విద్యార్థి రెండు నెలలు కూర్చుని అన్నీ తిరిగి కొట్టుకున్నాడు.

వర్డ్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. 2007 నుంచి వర్డ్‌లో ఆల్ట్, సమానం గుర్తు కలిపి నొక్కితే సమీకరణం పెట్టె తెరుచుకుంటుంది. అక్కడ బ్యాక్‌స్లాష్, ఆల్ఫా అని ఇంగ్లీషులో కొట్టి స్పేస్ ఇస్తే గ్రీకు ఆల్ఫా వస్తుంది. ఆ అలవాటు టెక్‌దే. క్రాస్ రెఫరెన్సులు కూడా వర్డ్‌లో ఉన్నాయి. ఆ రాత్రి షాపులో ఎవరికీ అవి తెలియవు. ఎవరైనా చెప్పి ఉంటే కదా.

కేరళలో ఇంకోలా జరిగింది. తిరువనంతపురంలో 1990ల నుంచే టెక్‌తో విదేశీ పత్రికలకు పేజీలు కూర్చే సంస్థలు నిలబడ్డాయి. 1998లో భారత టెక్ వినియోగదారుల సంఘం పుట్టింది. ప్రపంచ టెక్ సదస్సు 2002లో ఒకసారి, 2011లో మరోసారి అక్కడే జరిగింది. అక్కడ అది జీతమిచ్చే పని కాబట్టి నేర్పేవాళ్ళు తయారయ్యారు. రాయలసీమలో పిల్లలు ఎక్కువగా లేటెక్‌ను ఓవర్‌లీఫ్ అనే వెబ్‌సైటులో చూశారు. 2016లో డేటా చౌకయ్యాక బ్రౌజరులో తెరిస్తే చాలు, ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. కరెంటో నెట్టో పోతే అది కూడా పోతుంది కాబట్టి సొంత కంప్యూటరులో వేసుకోమని నేను మా పిల్లలకు చెప్తూనే ఉంటాను.

తెలుగు సంగతి కూడా చెప్పాలి. అనూలో కొట్టిన మాట తెర మీద తెలుగులా కనిపిస్తుంది, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. వెతికితే దొరకదు, ఫాంటు మారితే చెదిరిపోతుంది. 2004లో జోనథన్ క్యూ తెచ్చిన జీటెక్ యూనికోడ్‌ను నేరుగా చదువుతుంది. మండలి అనే తెలుగు యూనికోడ్ ఫాంటు పేరు ఒక్క వరుసలో రాసి, తెలుగు వచనం మధ్య సమీకరణం పెట్టి చూశాను. ఒత్తులు సరిగ్గా కూర్చున్నాయి, నంబరు కుడి చివర పడింది. తెలుగులో శాస్త్రం రాయాలనుకునే వాళ్ళకు ఇక పనిముట్టు లేదనే ఇబ్బంది లేదు.

ఆ మార్చి తర్వాత వేసవి సెలవుల్లో నేను మా డిపార్ట్‌మెంటు కోసం ఒక లేటెక్ టెంప్లేట్ చేశాను. బైండింగు కోసం ఎడమవైపు ఒకటిన్నర అంగుళం మార్జిన్, కవరు పేజీ, సర్టిఫికెట్ పేజీ, విషయసూచిక అన్నీ అందులోనే. పక్కనే పన్నెండు స్నిపెట్ల ఫైలు. ఒకటి కమలానగర్ షాపులోనూ పెట్టించాను. ఆపరేటర్ మూడు సాయంత్రాల్లో పట్టేశాడు. అనూ నేర్చిన వేళ్ళవి, ఆలస్యం ఎందుకవుతుంది.

ఈ ఏడాది మార్చిలో మళ్ళీ ఒక గైడ్ ఆఖరి నిమిషంలో సమీకరణం చేర్చమన్నారు. ఈసారి అబ్బాయి. ఆపరేటర్ మూడక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కాడు, నింపాడు, రన్ చేశాడు.

"ప్రశ్న గుర్తులు వచ్చినాయి సార్" అన్నాడు అబ్బాయి భయంగా.

"ఇంగోసారి రన్ చేస్తే పోతాయిలే అబ్బీ" అన్నాడు ఆపరేటర్, నేను నోరు తెరవకముందే.

పోయాయి. స్పైరల్ పదింటికల్లా అయిపోయింది. రిపోర్టుతో పాటు వర్డ్ ఫైలు కూడా ఇవ్వాలనే పాత నిబంధన మాత్రం ఇంకా ఉంది. దానికోసం ఆ అబ్బాయి పీడీఎఫ్‌ను వర్డ్‌లోకి మార్చి, చెదిరిన సమీకరణాలను అర్ధరాత్రి దాకా సర్దుకున్నాడు. వచ్చే డిపార్ట్‌మెంట్ మీటింగులో ఆ నిబంధన తీసేయమని అడగబోతున్నాను.