విమానాల రద్దు వెనక పైలట్ల నిద్ర కథ

2025 డిసెంబరు మొదటి వారంలో బెంగళూరు దేవనహళ్లి విమానాశ్రయం నుంచి విశాఖకో విజయవాడకో బయల్దేరిన మనవాళ్లు ఎంతోమంది సూట్‌కేసుల పక్కనే జాగారం చేశారు. 5వ తేదీన ఇండిగో దేశమంతటా వెయ్యికి పైగా సర్వీసులు రద్దు చేసింది, బెంగళూరులోనే వంద దాటాయి. అప్పటి నుంచి ఎక్కడ చూసినా ఒకటే మాట, పైలట్లకు విశ్రాంతి పెంచారు కాబట్టే ఇలా అయిందని. ఆ మాట తప్పు. ఎందుకో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ముందు రోస్టర్, అంటే ఎవరు ఏ రోజు ఏ విమానం నడపాలో చెప్పే డ్యూటీ పట్టిక, ఎలా తయారవుతుందో చూడండి. సిబ్బంది డ్యూటీ మొదలయ్యే ఊరే బేస్; బెంగళూరు బేస్‌లో మొదలై రెండు మూడు ఊళ్లు తిరిగి మళ్లీ బెంగళూరులోనే ముగిసే విమానాల గొలుసును పెయిరింగ్ అంటారు. అలాంటివి అల్లాక సెలవులు, శిక్షణ చూసుకుని ఒక్కొక్కటీ ఒక్కొక్కరి పేరున వేస్తారు. కొన్ని వందల విమానాలున్నా చాలు, వీలయ్యే గొలుసులు కోట్లకు చేరతాయి, చేత్తో తేలే లెక్క కాదు. అందుకే 1960ల నుంచే విమాన సంస్థలు గణితవేత్తలను పెట్టుకున్నాయి. 1991 నాటికి ఈ లెక్కల వల్ల ఏడాదికి 2 కోట్ల డాలర్లకు పైగా మిగులుతోందని అమెరికన్ ఎయిర్‌లైన్స్ నిపుణులే రాశారు. ఇంధనం తర్వాత పెద్ద ఖర్చుల్లో సిబ్బంది ఖర్చొకటి కాబట్టి ఆశ పుట్టడం సహజం. కానీ ఆ మిగులులో కొంత ఖాళీ గంటలను పిండగా వచ్చిందే. ఇంట్లో స్టాండ్‌బైలో, అంటే పిలిస్తే వెంటనే వచ్చేందుకు సిద్ధంగా ఉన్న పైలట్ లెక్కలో దండగగా కనిపిస్తాడు, పొగమంచు కమ్మిన రోజున మాత్రం వందలమంది ప్రయాణం ఆయన మీదే ఆధారపడుతుంది.

మన దేశంలో ఈ లెక్కకు అవతలి వైపు మంగళూరు ఉంది. 2010 మే 22న దుబాయ్ నుంచి రాత్రిపూట ఎగిరి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు. కెప్టెన్ దారిలో గంటన్నరకు పైగా నిద్రపోయారని, లేచాక కూడా ఆ మత్తు వదల్లేదని, ల్యాండింగ్ మానేసి పైకి లేపుదామని కో-పైలట్ మూడుసార్లు అన్నా ఆగలేదని విచారణలో తేలింది. ఆ నివేదిక గురించి ఎప్పుడు తలుచుకున్నా మనసు కలుక్కుమంటుంది. 2011లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ డ్యూటీ గంటల నిబంధనలు మార్చింది, అయినా అలసట ఫిర్యాదులు ఆగలేదు. 2023 ఆగస్టులో నాగపూర్‌లో ఓ పైలట్ విమానం ఎక్కబోతూ బోర్డింగ్ గేటు దగ్గరే కుప్పకూలి చనిపోయారు. కారణం అలసటేనని నేను అనను, కానీ చర్చ మళ్లీ రాజుకుంది.

2024 జనవరిలో కొత్త నిబంధనలు వచ్చాయి. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది, రాత్రి అంటే ఉదయం 5 దాకా కాదు 6 దాకా అన్నారు, ఒక పైలట్ రాత్రిపూట చేయగల ల్యాండింగ్‌లు ఆరు నుంచి రెండుకు దిగాయి. అదే ఏడాది జూన్ 1 నుంచి అమలు కావాలి. సంస్థలు అడ్డుచెప్పడంతో వాయిదా పడి, చివరికి ఢిల్లీ హైకోర్టు ముందు ఒప్పుకున్న గడువు ప్రకారం 2025 జూలై 1న కొన్ని, నవంబరు 1న మిగతావి అమల్లోకి వచ్చాయి.

అంటే దాదాపు 22 నెలల వ్యవధి. అన్నాళ్లలో ఇండిగో ఏం చేసింది? రాత్రి డ్యూటీలు కుదించాలని తెలిసి కూడా అంతకుముందు శీతాకాలం కంటే దాదాపు 10 శాతం ఎక్కువ విమానాలకు షెడ్యూల్ అడిగింది, డీజీసీఏ సరేనంది! నవంబరులోనే వెయ్యికి పైగా సర్వీసులు రద్దయి, డిసెంబరులో షెడ్యూల్ ఒక్కసారిగా విరిగిపోయింది. కెప్టెన్‌ను తయారు చేయాలంటే ఏళ్లు పడుతుంది, నెలలో దొరకరు. చివరికి ఇండిగోకు రాత్రి నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చి, విమానాలు 10 శాతం తగ్గించమన్నారు. తప్పు ప్లానింగ్‌ది, సడలింది మాత్రం పైలట్ నిద్ర. నాకు కోపం అక్కడే.

మా హెబ్బాళ అపార్ట్‌మెంట్‌లో నెల్లూరు కుర్రాడొకడు ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్. రాత్రి రెండున్నరకు కింద క్యాబ్ వచ్చి ఆగితే వాడి డ్యూటీ అని మాకు తెలుస్తుంది. వాడు అడిగేది చిన్న విషయం. కొత్త షెడ్యూల్‌కు అనుమతిచ్చే ముందు ఏ బేస్‌లో ఎంతమంది స్టాండ్‌బైలో ఉంటారో డీజీసీఏ అడిగి, ఆ సంఖ్య బయట పెట్టాలి. టికెట్ కొనే మనమూ అదే అడగాలి.