ద్రవానికి ఒక దిశ ఉంటే

5సీబీ అనే ద్రవం చుక్క ఒకటి గాజు పలక మీద వేసి చూస్తే పల్చటి పాలలా మసకగా ఉంటుంది. నెమ్మదిగా వేడి చేస్తూ పోండి. సుమారు 35 డిగ్రీల సెల్సియస్ దాటగానే మసక ఒక్కసారిగా విడిపోయి చుక్క నీళ్లలా తేటపడుతుంది. చల్లారితే మళ్లీ తెల్లబడుతుంది. ఇందులో రసాయన చర్య ఏమీ జరగలేదు, మారిందల్లా అణువుల పొందికే. మసకగా ఉన్నంతసేపూ ఆ పుల్లల్లాంటి అణువులు చోటు మారుతూనే ఇరుగుపొరుగు అణువులతో కలిసి దాదాపు ఒకే వైపుకి తిరిగి ఉంటాయి. వేడి పెరిగితే ఆ వరస చెదిరిపోతుంది. ఇలా పారుతూనే తనకంటూ ఒక దిశ ఉన్న ద్రవాన్ని నెమాటిక్ ద్రవ స్ఫటికం అంటారు. 5సీబీని 1970ల తొలినాళ్లలో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం తయారుచేసింది. ఎల్‌సీడీ తెరలకు దారి వేసింది ఈ రసాయనాల కుటుంబమే.

తెరల కథ చాలామందికి తెలుసు. ఈ ద్రవంలో కాస్త పాలిమర్, అంటే చిన్న ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని గొలుసులా పెరిగిన పొడవాటి అణువులు, కరిగిస్తే అది ఎలా పారుతుందన్నది అంతగా ఎవరూ చెప్పుకోని కథ. నాకు అదే ఎక్కువ ఇష్టం.

మామూలు ద్రావణిలో పాలిమర్ గొలుసు దారపు ఉండలా చుట్టుకుపోతుంది. సగటున చూస్తే అది గుండ్రటి ఉండే. ద్రవం చిక్కబడుతుంది, ఎటు పారించినా చిక్కదనం ఒక్కటే. నెమాటిక్ ద్రవంలో మాత్రం పాలిమర్ వేయకముందే చిక్కదనాలు మూడు. రెండు పలకల మధ్య ద్రవం పోసి పై పలకను పక్కకు జరిపామనుకోండి. అణువులు జరిగే వైపుకే పడుకుని ఉంటే ద్రవం సులువుగా జారుతుంది. కింది పలక నుంచి పై పలక వైపు నిలబడి ఉంటే గట్టిగా అడ్డుపడుతుంది. అడ్డంగా పడుకుంటే ఈ రెండిటికీ మధ్యలో. పోలండ్ భౌతిక శాస్త్రవేత్త మారియన్ మ్యెన్సోవిచ్ అయస్కాంత క్షేత్రంతో అణువులను కదలనివ్వకుండా పట్టి ఉంచి ఈ మూడింటినీ విడివిడిగా కొలిచి, 1946లో ప్రచురించాడు. పారా-అజాక్సీఅనిసోల్ అనే మరో నెమాటిక్ ద్రవానికి 122 డిగ్రీల దగ్గర వచ్చిన విలువలు, జరిగే వైపుకి పడుకుంటే 2.4, అడ్డంగా పడుకుంటే 3.4, నిలబడితే 9.2 మిల్లీపాస్కల్ సెకన్లు. అదే ద్రవం, అదే వేడి, అయినా దాదాపు నాలుగు రెట్ల తేడా!

ఇలాంటి ద్రావణిలో పడ్డ గొలుసు గుండ్రంగా ఉండలేదు. పుల్లల్లాంటి ముక్కలను వరసగా, తల నుంచి తోక దాకా అతికించి చేసిన గొలుసైతే ద్రవం దిశలో దోసకాయలా సాగుతుంది. ఆ ముక్కలు గొలుసుకు పక్కన కొమ్మల్లా వేలాడే రకమైతే, కొమ్మలు ద్రవం దిశకు తిరుగుతాయి, వెన్నుపూస లాంటి అసలు గొలుసు చాలాసార్లు పక్కలకు పరుచుకుని బిళ్లలా అవుతుంది.

ఈ ఆకారం ప్రవాహాన్ని ఎంత మారుస్తుందో 1979లో ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంస్వాజ్ బ్రోషార్ లెక్కగట్టింది. అణువులు నిలబడి ఉన్నప్పుడు పాలిమర్ వల్ల పెరిగే చిక్కదనానికీ, పడుకున్నప్పుడు పెరిగేదానికీ ఉన్న నిష్పత్తి, గొలుసు చుట్టుకున్న ఆకారపు పొడవు వెడల్పుల నిష్పత్తికి నాలుగో ఘాతం. ఆ ఆకారం వెడల్పు కన్నా పొడవు రెట్టింపు ఉంటే చాలు, తేడా 16 రెట్లు. అణువులను కొత్త దిశకు తిప్పడానికి ఎదురయ్యే నిరోధం మాత్రం దోసకాయైనా బిళ్లైనా పెరుగుతుంది. గుండ్రటి ఉండ ఒక్కటే దాన్ని పెంచదు.

అన్నిటికన్నా అందమైన ఫలితం బిళ్లలది. 5సీబీని ఒక్కదాన్నే పారిస్తే దాని అణువులు ప్రవాహానికి కొద్దిపాటి కోణంలో ఒదిగి అక్కడే ఉండిపోతాయి. అందులో బిళ్లలు ఉన్నాయనుకోండి. అణువులు ప్రవాహం వైపుకి పడుకునే వేళకి బిళ్ల దానికి అడ్డంగా నిలువునా ఉంటుంది. పైన ద్రవం వేగంగా, కింద మెల్లగా పోతుంది కాబట్టి బిళ్ల పై అంచు ముందుకు తోసుకుపోతుంది. తనతో పాటు చుట్టూ ఉన్న అణువులనూ లాక్కుపోతుంది. ఒదిగే చోటు దాటిపోయాక ఇక ఆగేదేముంది? ద్రవం దిశ మొత్తం పల్టీలు కొడుతూనే ఉంటుంది. దోసకాయ ఆకారపు గొలుసు ఇందుకు సరిగ్గా వ్యతిరేకం, ఒదిగి ఉండటానికే సాయపడుతుంది.

పక్క కొమ్మలున్న పాలీసిలోక్సేన్ అనే పాలిమర్‌ను 5సీబీలో కరిగించి 1990లలో చేసిన ప్రయోగాల్లో ఈ పల్టీలు నిజంగానే కనిపించాయి. కళ్లతో చూసే పని లేదు, చిక్కదనాన్ని కొలిచే రియోమీటర్ రీడింగ్ చాలు. ముందు అణువులన్నిటినీ నిలువుగా నిలబెట్టి, తర్వాత పలకను తిప్పడం మొదలుపెడతారు. 5సీబీ ఒక్కటే ఉంటే ప్రతిబలం, అంటే పలక కదలికకు ద్రవం ఇచ్చే ఎదురు బలం, ఒక్కసారి ఎగసి, దిగి, కుదురుకుంటుంది. పాలిమర్ కలిపినప్పుడు ఎగసి, దిగి, మళ్లీ ఎగుస్తుంది. రెండు శిఖరాల మధ్య దూరాన్ని నిర్ణయించేది గడిచిన సమయం కాదు, పలక ఎంత మేర జరిగిందన్నదే. వేగం రెట్టింపు చేస్తే సగం సమయానికే శిఖరం వస్తుంది. ఆ దూరం నుంచి వెనక్కి లెక్క కడితే కంటికి కనిపించని గొలుసు ఎంత చదునుగా ఉందో తెలిసిపోతుంది.

ఇప్పుడు అదే నమూనాను తేటపడే ఉష్ణోగ్రత దాటేలా వేడి చేయండి. దిశ పోతుంది, బిళ్ల మళ్లీ గుండ్రటి ఉండ అవుతుంది, రియోమీటర్ గీత నిటారుగా లేచి అలలేమీ లేకుండా చదునుగా సాగిపోతుంది.