గాలి తూర్పారబట్టిన నిప్పు

"మధ్యలో అంత పెద్ద సరస్సు ఉండగా కార్చిచ్చు ఊళ్లోకి ఎలా వచ్చిందండీ? నీళ్ల మీద మంట నడుస్తుందా?" అని ఒక పాఠకుడు అడిగారు. ఆయన అడిగింది కెనడాలోని కెలోనా గురించి. బ్రిటిష్ కొలంబియా ప్రావిన్సులో ఒకనాగన్ సరస్సుకు తూర్పు ఒడ్డున ఉందీ నగరం. 2023 ఆగస్టు 15న మంట పుట్టింది పడమటి ఒడ్డున, వెస్ట్ కెలోనా పైనున్న కొండల్లో. దానికి మెక్‌డూగల్ క్రీక్ ఫైర్ అని పేరు పెట్టారు. మంటకూ నగరానికీ నడుమ దాదాపు రెండు కిలోమీటర్ల నీళ్లు. 17వ తేదీన గాలి రేగింది. ఆ రాత్రి తూర్పు ఒడ్డున కూడా మంటలు లేచాయి, కెలోనా స్థానిక అత్యవసర పరిస్థితి ప్రకటించింది. మర్నాడు ప్రావిన్సు మొత్తానికి ఎమర్జెన్సీ పెట్టారు.

ప్రకటన సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను. ఇళ్లు ఖాళీ చేయించడానికి, దారులు మూయడానికి నగరానికి అధికారం ఇచ్చే కాగితం అది. అప్పటి చట్టం ప్రకారం దాని ఆయువు ఏడు రోజులు, అవసరమైతే పొడిగించుకోవచ్చు. నాకు ఆసక్తి ఉన్నది సరస్సు దాటిన దాని మీద. దాటింది మంట కాదు, నిప్పురవ్వలు.

రవ్వ అనగానే పొయ్యిలో చిటపటమనే చుక్క గుర్తొస్తుంది. అది అరక్షణంలో ఆరిపోతుంది, దాన్ని పక్కన పెట్టండి. ఆ కొండల్లో పాండెరోసా పైన్ చెట్లు ఎక్కువ. వాటి బెరడు పజిల్ ముక్కల్లా, రేకులు రేకులుగా ఊడుతుంది. చెట్టు భగ్గుమన్నప్పుడు పైకి దూసుకెళ్లే వేడిగాలి ఈ రేకుల్ని పెరికి ఎత్తుకుపోతుంది. సగం బొగ్గై, అంచులు ఎర్రగా కనకనలాడే ఈ రేకులే మన కథానాయకులు.

ధాన్యం తూర్పారబట్టడం చూసే ఉంటారు. చేట ఎత్తి గాలికి జారవిడిస్తే గింజ కాళ్ల దగ్గర రాలుతుంది, తాలు కాస్త దూరం పోతుంది, పొట్టు ఇంకా దూరం పోతుంది. ఆ రాత్రి గాలి చేసింది అచ్చంగా ఇదే పని. కాకపోతే చేట నేలకు మూడు నాలుగు వందల మీటర్ల ఎత్తున ఉందనుకోవాలి.

గాలిలో పడే ప్రతి వస్తువూ ఒక వేగం దగ్గర స్థిరపడుతుంది. కిందికి లాగే బరువు, అడ్డుకునే గాలి అక్కడ సరిసమానమవుతాయి. దాని పేరు టెర్మినల్ వెలాసిటీ. పాఠ్యపుస్తకాలు దీన్ని వాన చినుకుతోనో పారాచూట్‌తోనో చెప్పి, రెండు లెక్కలు చేయించి వదిలేస్తాయి. నిప్పురేకుతో చెబితే పిల్లలు జన్మలో మరచిపోరు.

రేకు వెల్లకిలా దిగుతోందనుకోండి. దాని బరువు వైశాల్యం, మందం, సాంద్రతల లబ్ధం. గాలి నిరోధం కూడా వైశాల్యాన్ని బట్టే ఉంటుంది. రెండువైపులా ఉన్న వైశాల్యం కొట్టేసుకుపోతుంది! అరచేతంత రేకైనా గోరంత రేకైనా, మందం ఒకటైతే దిగే వేగం ఒకటే. ఈ ఫలితం మొదటిసారి చూసినప్పుడు నేను లెక్క తప్పు చేశాననుకుని మళ్లీ చేశాను.

ఇప్పుడు అంకెలు వేద్దాం. బొగ్గు రేకు సాంద్రత ఘనపు మీటరుకు 200 కిలోలు, మందం 2 మిల్లీమీటర్లు, గాలి సాంద్రత 1.2, డ్రాగ్ గుణకం (ఆకారాన్ని బట్టి గాలి ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) కూడా 1.2 అనుకుందాం. వేగం సెకనుకు 2.3 మీటర్లు వస్తుంది. మండే చెట్ల మీద గాలి సెకనుకు పది మీటర్లకు మించి పైకి లేస్తుంది కాబట్టి, ఈ రేకు ఎగరడంలో వింతేమీ లేదు. 350 మీటర్ల ఎత్తున ఆ పొగస్తంభం దాన్ని వదిలేస్తే కిందికి రావడానికి 150 సెకన్లు పడుతుంది. ఈలోగా గంటకు 54 కిలోమీటర్ల గాలి, అంటే సెకనుకు 15 మీటర్లు, దాన్ని అడ్డంగా 2.25 కిలోమీటర్లు మోసుకుపోతుంది. సరస్సు దాటేసింది.

మందం రెట్టింపు చేసి 4 మిల్లీమీటర్లు తీసుకోండి. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి వేగం రెట్టింపు కాదు, వర్గమూలం లెక్కన 1.4 రెట్లే అవుతుంది. రేకు 106 సెకన్లలో దిగుతుంది, 1.6 కిలోమీటర్లు పోతుంది. ఒంటినిండా నిప్పుతో నీళ్లలో పడి చుయ్యిమంటుంది.

పలచనిది, 1 మిల్లీమీటరుది? అది 212 సెకన్లు తేలుతుంది, 3 కిలోమీటర్లు దాటిపోతుంది. అయితే నిప్పుకు ఆయువు ఉండాలి కదా. 2 మిల్లీమీటర్ల రేకు నాలుగు నిమిషాలు కనకనలాడుతుందనుకుంటే, సగం మందానిది రెండే నిమిషాలు. 120 సెకన్లకు, 1.8 కిలోమీటర్ల దగ్గర, సరస్సు మీదే అది ఆరిపోతుంది. అవతలి ఒడ్డుకు చేరేది బూడిదే.

చూశారా ఈ తూర్పార! బరువైనది నిప్పుతో మునిగింది, తేలికది నిప్పు లేకుండా చేరింది. నడిమి రకం మాత్రం నిప్పుతో సహా ఒడ్డెక్కింది. నిజంలో రేకు దారి పొడుగునా కాలుతూ పలచబడుతుంది, కాబట్టి వేగమూ తగ్గుతూ పోతుంది. గాలీ ఎత్తును బట్టి మారుతుంది. స్పెయిన్‌లో తరీఫా అనే ఇంజనీరు 1960లలో విండ్ టన్నెల్లో చెక్కముక్కలు మండించి కొలిచిందీ, అమెరికాలో ఫ్రాంక్ ఆల్బినీ అనే పరిశోధకుడు 1979లో సూత్రాలుగా రాసిందీ ఈ చిక్కుముడినే. రెండు కిలోమీటర్లు పెద్ద దూరమేమీ కాదు కూడా. ఆస్ట్రేలియాలో కొన్ని యూకలిప్టస్‌ల బెరడు పొడవాటి గొట్టంలా చుట్టుకుని లోలోపల కాలుతుంది. 2009 ఫిబ్రవరి 7న, బ్లాక్ సాటర్‌డే నాడు, విక్టోరియాలో రవ్వలు 30 కిలోమీటర్లకు పైగా ముందుకెళ్లి కొత్త మంటలు పెట్టాయి.

ఇల్లు కూడా ఎక్కువగా ఈ రవ్వల వల్లే కాలుతుంది. 1997 నుంచి 2000 దాకా కెనడా నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో నిజం అడవినే తగలబెట్టి, ఎదురుగా చెక్కగోడలు నిలబెట్టి చూశారు. 10 మీటర్ల దూరంలోవి కొన్ని అంటుకున్నాయి. 20, 30 మీటర్ల దూరంలోవి అంటుకోలేదు. చెట్ల తలల్లో మంట ఒకచోట భీకరంగా ఉండేది సుమారు నిమిషమే, ఆ సెగ అంతదూరం చాలదు. రవ్వకు ఆ హద్దు లేదు.

ఇది తెలియకే 2018లో కాలిఫోర్నియాలోని ప్యారడైజ్, 2023లో హవాయీలోని లహైనా కాలినప్పుడు ఒక పుకారు పుట్టింది: "ఇళ్లు బూడిదయ్యాయి, పక్కన చెట్లు పచ్చగా ఉన్నాయి, కాబట్టి ఆకాశం నుంచి లేజర్ కొట్టారు." నాకూ ఎవరో పంపారు, ఫొటోలతో సహా. పచ్చి చెట్టు ఒళ్లంతా నీరు. ఇల్లేమో ఏళ్ల తరబడి ఎండిన కలప. రవ్వ దేన్ని అంటుకుంటుందో చెప్పడానికి లేజర్ ఎందుకు? లహైనాలో ఎర్రకప్పు ఇల్లు ఒక్కటి చెక్కుచెదరకుండా నిలబడితే దేవుడి మహిమ అన్నవాళ్లూ ఉన్నారు. ఆ ఇంటికి అంతకుముందే రేకుల కప్పు వేసి, గోడల చుట్టూ మొక్కలు తీసేసి రాళ్లు పరిచారు.

గాలి ఎండుటాకుల్ని ఏ మూలకు ఊడ్చి పోగేస్తుందో, రవ్వల్నీ సరిగ్గా ఆ మూలకే చేరుస్తుంది. పైకప్పు అంచున వాననీటి తొట్టిలో పైన్ సూదులు, వాటి మీద మన 2 మిల్లీమీటర్ల రేకు. అటకకు గాలాడే కంతలకు 3 మిల్లీమీటర్ల జాలీ కొట్టమని, కార్చిచ్చు నుంచి ఇళ్లను కాపాడుకోవడం నేర్పే కెనడా ఫైర్‌స్మార్ట్ వాళ్లు చెప్పేది రేకు లోపలికి దూరకుండా ఉండడానికే.

అక్కడ పడ్డ రేకు వెంటనే భగ్గుమననక్కర్లేదు. నివురుగప్పిన నిప్పు అంటామే, అదే స్థితి. పైన బూడిద పొర వేడిని బయటికి పోనివ్వదు, గాలినీ కొద్దికొద్దిగానే లోపలికి రానిస్తుంది. గంటలు గడిచాక ఒక్క విసురు గాలికి నివురు లేచిపోతే మంట పుడుతుంది. ఆ పాఠకుడి రెండో ప్రశ్న "మంటలు ఆరాక కూడా జనాన్ని ఇళ్లకు ఎందుకు పోనివ్వరు?" అని. అప్పుడు సిబ్బంది కాలిన నేలంతా మోకాళ్ల మీద తిరుగుతుంటారు. పొగ లేదు, ఎరుపూ లేదు. చేతి తొడుగు తీసి, అరచెయ్యి తిరగేసి, బూడిదకు అంగుళం ఎత్తున పట్టి చూస్తారు. వెచ్చగా తగిలితే తవ్వి నీళ్లు పోస్తారు, చల్లగా ఉంటే ఇంకో అడుగు ముందుకు జరుగుతారు.