లిక్విడ్ గ్లాస్ గొడవకు మూలం 2014 మార్చిలో ఉంది

ఐఫోన్ తెర మీది అక్షరాలు చదవడం కష్టంగా ఉందన్న గొడవ మళ్లీ రాజుకుంది. యాపిల్ 2025 జూన్ 9న ప్రకటించి, సెప్టెంబరు 15న ఐఫోన్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 26తో ఫోన్లలోకి దించిన 'లిక్విడ్ గ్లాస్' రూపమే దీనికి కారణం. బటన్లు, మెనూలు, నోటిఫికేషన్ల పెట్టెలు ఇప్పుడు గాజు బిళ్లల్లా కనిపిస్తాయి. వెనక ఉన్న బొమ్మ వాటిలోంచి కనబడుతూ అంచుల దగ్గర వంగి మెరుస్తుంది. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ వెనక తెల్లటి మబ్బుల ఫొటో ఉండి, దాని మీద తెల్లటి అక్షరం పడిందంటే ఎంత కళ్లు చికిలించినా ప్రయోజనం ఉండదు.

తోలు కుట్లు, చెక్క అరలు, పచ్చటి బిలియర్డ్స్ బట్ట బొమ్మలతో ఉన్న పాత ఐఫోన్ పోయి చదునైన కొత్త ఐఫోన్ ఎలా వచ్చిందో చాలామందికి తెలుసు. యాపిల్ మ్యాపుల వైఫల్యం తర్వాత 2012 అక్టోబరులో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ అధిపతి స్కాట్ ఫోర్‌స్టాల్ నిష్క్రమణ ఖరారైంది. అప్పటిదాకా పరికరాల ఆకారాలు తీర్చిదిద్దిన జానీ ఐవ్ చేతికి తెర మీది రూపం కూడా వచ్చింది. ఏడాది తిరగకుండానే ఐఓఎస్ 7 వచ్చింది. జనం గాజును తాకడానికి అలవాటుపడ్డారు కాబట్టి నిజమైన బటన్లను పోలిన బొమ్మలు ఇక అక్కర్లేదని ఐవ్ వాదించారు. అదే గాలి లోగోలకూ తగిలింది. 2015 సెప్టెంబరులో గూగుల్ తన అక్షరాల కాళ్లూ కొసలూ చెక్కేసింది. 2016లో ఇన్‌స్టాగ్రామ్ పాతకాలపు కెమెరా బొమ్మను తీసేసి రంగుల పలక మీద తెల్ల గీతలు మిగిల్చింది.

ఇదంతా అభిరుచి మార్పే. అభిరుచులు వస్తాయి, పోతాయి. మైక్రోసాఫ్ట్ 2007లో విండోస్ విస్టాతో కిటికీల అంచులకు గాజు తొడిగింది, 2012లో విండోస్ 8తో దాన్ని ఊడదీసింది. నా దృష్టిలో నేటి తగాదాను విప్పి చూపే తేదీ వేరే ఉంది. అది 2014 మార్చి 10, ఐఓఎస్ 7.1 విడుదలైన రోజు.

ఆ తేదీ ఎందుకో తెలియాలంటే ఐఓఎస్ 6 ఫోను తాళం తీసే తెరను గుర్తు చేసుకోవాలి. కింద ఒక గాడి, గాడిలో ఎడమవైపు ఒక బటన్, దాని మీద కుడివైపు చూపే బాణం గుర్తు. చదువురాని మనిషి కూడా వేలు పెట్టి జరిపేవాడు, ఎందుకంటే ఆ గాడి తలుపు గడియలా పని చెప్పేది. ఐఓఎస్ 7లో గాడి పోయింది, బటన్ పోయింది. జరపమని ఇంగ్లిషులో చెప్పే మూడు మాటలు మాత్రం ఫొటో మీద మినుకుమినుకుమంటూ మిగిలాయి. మెనూల్లోనూ బటన్ల అంచులు మాయమై రంగు మాటలే ఉండిపోయాయి. ఏది నొక్కవచ్చో ఏది ఊరికే రాసి ఉందో పోల్చుకోవడం కష్టమైంది. కీబోర్డులో పెద్ద అక్షరాల మీట వేసి ఉందో తీసి ఉందో తెలియక జనం తికమకపడ్డారు. లోతు భ్రమ కలిగించే కదలికల వల్ల తల తిరుగుతోందని మరికొందరు ఫిర్యాదు చేశారు.

2013 అక్టోబరులో వచ్చిన 7.0.3 ఆ కదలికలను తగ్గించుకునే మీటకు పదును పెట్టింది. మార్చిలో 7.1 వచ్చేసరికి అదే పద్ధతి స్థిరపడింది. బటన్లకు ఆకారాలు కావాలా, మీట ఉంది. రంగులు ముదురుగా కావాలా, మీట ఉంది. అవన్నీ యాక్సెసిబిలిటీ విభాగంలో, సెట్టింగ్స్ లోపలి గదుల్లో ఉన్నాయి. చూపు తక్కువున్న వారికి ఆ విభాగం ఎంతో అవసరం, దాన్ని నిలబెట్టిన ఇంజినీర్ల శ్రమకు దండం పెట్టాలి. నా అభ్యంతరం వేరు. అందరికీ ఎదురైన ఇబ్బందిని కొందరి అవసరంగా మార్చి అక్కడ సర్దేశారు. బటన్ బటన్‌లా కనబడాలని కోరుకున్న మామూలు మనిషి ఆనాటి నుంచి ప్రత్యేక ఏర్పాటు కోరేవాడయ్యాడు.

ఆ ఇబ్బంది ఊహ కాదని తర్వాత పరీక్షల్లోనూ తేలింది. తెరల వాడుక సౌలభ్యాన్ని పరిశోధించే నీల్సన్ నార్మన్ గ్రూప్ 2017లో 71 మందితో, 9 వెబ్‌సైట్ల పేజీలతో చేసిన ప్రయోగంలో, నొక్కదగినవాటి ఆనవాళ్లు బలహీనంగా ఉన్న పేజీల మీద జనానికి సగటున 22 శాతం ఎక్కువ సమయం పట్టింది. ఐఓఎస్ 26 మీద కూడా ఆ సంస్థ ఘాటుగానే రాసింది.

తెలుగు చదివేవారికి ఇది ఇంకా దగ్గరి సంగతి. పంట, వంట అన్న మాటలు చూడండి. తలకట్టు అంటుకుని ఉందా, విడిగా ఉందా అన్నదొక్కటే వాటి మధ్య తేడా. 'ద'ను 'ధ' చేసేది, 'ప'ను 'ఫ' చేసేది చిన్న గీతే. నోటిఫికేషన్‌లో సన్నటి అక్షరాలతో వచ్చిన సందేశం వెనక పూలతోట ఫొటో కదులుతుంటే ముందు కరిగిపోయేవి ఆ గీతలే, ఆ అతుకులే. మామూలు సైజు అక్షరానికి, దాని వెనక రంగుకు మధ్య కనీసం 4.5కి 1 నిష్పత్తిలో తేడా ఉండాలని అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలు 2008 నుంచీ చెబుతున్నాయి. వెనక రంగు క్షణక్షణం మారే గాజు మీద ఆ నిష్పత్తిని ఎప్పుడు కొలవాలి? మన దేశంలో దీనికి చట్టపు బరువు కూడా తోడైంది. డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. ఆ తీర్పు వచ్చింది కేవైసీ ప్రక్రియల మీద, ఫోను అందచందాల మీద కాదు. అయినా ఆ కేవైసీ పూర్తి చేసేది ఈ తెరల మీదే కదా.

యాపిల్ వాదన క్లుప్తంగా ఇదీ: గాజు వల్ల బటన్లు పక్కకు తప్పుకుని అసలు విషయం ముందుకు వస్తుంది, అన్ని పరికరాలకూ ఒకే రూపం దక్కుతుంది. ఆ మాట మీద కంపెనీ ఎంత నమ్మకంగా ఉందో బీటాలే (విడుదలకు ముందు వచ్చే ప్రయోగ రూపాలే) చూపించాయి. జూన్ చివర రెండో బీటాలో కంట్రోల్ సెంటర్ వెనక మసక పెంచారు, జులైలో మూడో బీటాలో ఇంకా చిక్కబరిచారు, నాలుగో బీటాలో మళ్లీ పలచన చేశారు. 2013 వేసవిలోనూ ఇంతే, మరీ సన్నటి అక్షరాలతో మొదలుపెట్టి మూడో బీటాలో లావు చేశారు. అప్పుడు కనీసం అక్షరం అందరికీ మారింది.

ఈసారి 2025 నవంబరు 3న ఐఓఎస్ 26.1తో గాజు ఎంత పారదర్శకంగా ఉండాలో ఎంచుకునే మీట వచ్చింది. యాక్సెసిబిలిటీలో కాకుండా డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోనే పెట్టారు, అది మెరుగే. ఈ రూపకల్పనకు నాయకత్వం వహించిన ఆలన్ డై డిసెంబరులో మెటాకు వెళ్తున్నారన్న వార్త వచ్చింది. ఆయన స్థానం 1999 నుంచీ యాపిల్‌లో ఉన్న స్టీఫెన్ లెమేకు దక్కింది. 26.1లో వచ్చిన మీటకు స్థానాలు రెండు: క్లియర్ (పారదర్శకం), టింటెడ్ (కాస్త చిక్కటిది). ఏదీ ఎంచుకోని వారికి వచ్చేది మొదటిదే.