చలిలో ఇంజన్ తిరిగితే చాలదు, ఆయిల్ కదలాలి

1980-81 శీతాకాలంలో అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో సూ ఫాల్స్ నగరంలోనూ ఆ పరిసరాల్లోనూ కార్ల ఇంజన్లు ఒక వింత పద్ధతిలో పాడయ్యాయి. చలికి ఇంజన్ అసలు తిరగకపోవడం అక్కడివారికి కొత్త కాదు. కానీ ఈ ఇంజన్లు తిరిగాయి, స్టార్ట్ అయ్యాయి. కదలనిదల్లా ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, అంటే సంప్‌లో, ఉన్న ఆయిల్ ఒక్కటే. పంపు లాగుతున్నా అది పైకి ఎక్కలేదు. లోహం లోహాన్ని ఒరుసుకుని ఇంజన్లు దెబ్బతిన్నాయి. వాటిలో పోసిన ఆయిల్ నాసిరకంది కూడా కాదు, అప్పటి ప్రమాణాలు కోరిన చలి పరీక్షల్లో నెగ్గినదే.

చలి ప్రాంతంలో ఏ ఆయిల్ పోయాలన్న చర్చను ఈ ఉదంతంతో మొదలుపెట్టడం అవసరమని నా అభిప్రాయం. ఉదయం బండి స్టార్ట్ అయిందంటే ఆయిల్ సరైనదేనని చాలామంది అనుకుంటారు. ఇంజన్ తిరగడం ఒక పరీక్ష, దాని పై భాగాలకు ఆయిల్ చేరడం మరొక పరీక్ష. మొదటిది నెగ్గి రెండోది తప్పిన ఇంజనే ఎక్కువ ప్రమాదంలో ఉంటుంది, ఎందుకంటే స్టార్ట్ కాని ఇంజన్ కనీసం అరగదు.

ఇంజన్‌లో ఆయిల్ చేసే ముఖ్యమైన పని కదిలే భాగాల మధ్య పలచటి పొరగా నిలిచి వాటిని ఒకదానికొకటి తగలనివ్వకపోవడం. ఆ పొర నిలవడానికి ఆయిల్‌కు తగినంత చిక్కదనం ఉండాలి. శాస్త్ర పరిభాషలో దీన్ని స్నిగ్ధత అంటారు. చిక్కు ఎక్కడుందంటే, ఈ స్నిగ్ధత వేడిని బట్టి విపరీతంగా మారుతుంది. స్నిగ్ధతను కొలిచే ప్రమాణం మిల్లీపాస్కల్-సెకండు; గది ఉష్ణోగ్రత దగ్గర నీటి స్నిగ్ధత సుమారు 1. బాగా వేడెక్కిన ఇంజన్‌లో, అంటే 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర, డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని రాసి ఉండే ఆయిల్ స్నిగ్ధత నీటికి ఎనిమిది, పది రెట్ల మధ్యలో ఉంటుంది. అదే ఆయిల్ స్నిగ్ధత మైనస్ 30 డిగ్రీల దగ్గర 6,000 మిల్లీపాస్కల్-సెకండ్లు దాటిపోవచ్చు. ఒకే డబ్బాలోంచి పోసిన ఒకే ద్రవం రాత్రికీ పగటికీ మధ్య కొన్ని వందల రెట్లు మారిపోతుందన్నమాట. ఈ రెండు కొసల్లోనూ అది పనిచేయాలి కనుకనే డబ్బా మీద ఒక అంకె కాకుండా రెండు అంకెలు ఉంటాయి.

అమెరికాలోని సొసైటీ ఆఫ్ ఆటోమోటివ్ ఇంజనీర్స్ అనే సంస్థ ఆయిళ్లను చిక్కదనాన్ని బట్టి 1911లోనే వర్గీకరించింది. ఇప్పుడు ప్రపంచమంతా పాటిస్తున్న జె300 ప్రమాణం దానికి వారసురాలు. 5డబ్ల్యూ-30లో డబ్ల్యూ అక్షరం శీతాకాలానికి గుర్తు. దాని ముందున్న 5 చలిలో ఆయిల్ ప్రవర్తనను చెబుతుంది, వెనకున్న 30 ఇంజన్ వేడెక్కాక ఉండే చిక్కదనాన్ని చెబుతుంది. ఇక్కడ ఒక అపోహ బాగా పాతుకుపోయింది: ఇలాంటి ఆయిల్ చలిలో పలచగానూ వేడిలో చిక్కగానూ మారుతుందని చాలామంది నమ్ముతారు. అలాంటి ఆయిల్ ఏదీ లేదు. ప్రతి ఆయిలూ చలికి చిక్కబడుతుంది, వేడికి పలచబడుతుంది. కాకపోతే, కలిపిన కొన్ని పాలిమర్ల వల్లనో, మూల నూనె నాణ్యత వల్లనో, కొన్ని ఆయిళ్లలో ఆ మార్పు తక్కువగా ఉంటుంది. 0డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 ఆయిళ్లు రెండూ వేడి ఇంజన్‌లో ఒకే తరగతి చిక్కదనంతో పనిచేస్తాయి. వాటి మధ్య అసలు తేడా తెల్లవారుజామున గడ్డ చలిలో బయటపడుతుంది. కనుక 0డబ్ల్యూ అంటే ఎండాకాలంలో నీళ్లలా పలచబడిపోతుందన్న భయం అనవసరం.

డబ్ల్యూ ముందున్న అంకెను నిర్ణయించే పరీక్షలు రెండు. మొదటిది సెల్ఫ్ మోటారు పడే శ్రమను అనుకరిస్తుంది. గట్టి ఒరిపిడిలో ఆయిల్ ఎంత అడ్డం పడుతుందో కొలిచి, దానికొక గరిష్ఠ హద్దు పెడతారు. 0డబ్ల్యూ ఆయిల్ మైనస్ 35 డిగ్రీల దగ్గర 6,200 మిల్లీపాస్కల్-సెకండ్లు దాటకూడదు. 5డబ్ల్యూ మైనస్ 30 దగ్గర 6,600 దాటకూడదు, 10డబ్ల్యూ మైనస్ 25 దగ్గర 7,000 దాటకూడదు. 15డబ్ల్యూకి మైనస్ 20, 20డబ్ల్యూకి మైనస్ 15 డిగ్రీల దగ్గర ఇలాంటి హద్దులే ఉన్నాయి. ఒక్కో మెట్టుకు అయిదేసి డిగ్రీల తేడా అని గుర్తుంచుకుంటే చాలు.

రెండో పరీక్ష పంపు సంగతి చూస్తుంది. ఇది ఒక్కో తరగతికి మరో అయిదు డిగ్రీల కింద, అంటే 0డబ్ల్యూకి మైనస్ 40 దగ్గర, 5డబ్ల్యూకి మైనస్ 35 దగ్గర జరుగుతుంది. హద్దు 60,000 మిల్లీపాస్కల్-సెకండ్లు. సెల్ఫ్ తిప్పగలిగిన చలి కంటే మరింత చలిలో కూడా ఆయిల్ పంపుకు అందాలన్నది ఇందులోని ఉద్దేశం. ఇంజన్ స్టార్ట్ అయితే చాలు, ఆయిల్ తప్పక చేరుతుందన్న హామీ ఆ అయిదు డిగ్రీల్లో ఉంది. సూ ఫాల్స్‌లో ఆ హామీ తప్పింది.

ఎందుకు తప్పిందో తెలియాలంటే పూస నెయ్యి సంగతి తలుచుకోవాలి. కాచిన నెయ్యిని గబగబా చల్లారిస్తే ముద్దగా, నున్నగా పేరుకుంటుంది. నిదానంగా చల్లారనిస్తే పెద్ద పెద్ద పూసలు కడుతుంది. ముడి చమురు నుంచి తీసిన ఇంజన్ ఆయిల్‌లో కొద్దిగా మైనం మిగిలి ఉంటుంది, దాని స్వభావమూ ఇంతే. ఆయిల్ ఒక ప్రత్యేక ఉష్ణోగ్రతల మధ్య చాలా నిదానంగా, గంటల తరబడి చల్లబడినప్పుడు మైనపు స్ఫటికాలు తీరిగ్గా పెరిగి, ఒకదానికొకటి అల్లుకుని, మిగతా నూనెనంతా ఆ అల్లికలో బంధిస్తాయి. అప్పుడు సంప్‌లో ఉన్నది పేరుకు ద్రవమే అయినా దానంతటది జారదు. పంపు జాలీ చుట్టూ ఉన్న కాస్త ఆయిల్‌ను లాగేసుకుంటుంది, అక్కడొక గుంత పడుతుంది, చుట్టుపక్కల ఆయిల్ ఆ గుంతలోకి జారి రాదు, ఆ పైన పంపు గాలిని లాగుతుంది. సెల్ఫ్ మోటారు పరీక్షలో ఇది బయటపడదు, ఎందుకంటే అక్కడి గట్టి ఒరిపిడికి ఆ బలహీనమైన అల్లిక తెగిపోతుంది. ఆయిల్‌ను కొద్ది గంటల్లో చల్లార్చి చూసే అప్పటి పరీక్షలోనూ అల్లిక ఏర్పడే వ్యవధి దొరకలేదు. సూ ఫాల్స్ వాతావరణం ఆ వ్యవధిని ఇచ్చింది.

ఆ అనుభవం తర్వాత పరీక్ష తీరు మారింది. ఇప్పుడు ఆయిల్‌ను ముందు 80 డిగ్రీల దాకా వేడిచేసి, మైనం స్ఫటికాలు పెరిగే కీలకమైన దశలో గంటకు డిగ్రీలో మూడో వంతు చొప్పున దించుకుంటూ వస్తారు. ఒక్క నమూనా చల్లారడానికే రెండు రోజుల దాకా పడుతుంది. ఆ తర్వాత చేసే పని చూడ ముచ్చటగా ఉంటుంది. ఆయిల్‌లో మునిగి ఉన్న చిన్న రోటరుకు, అంటే తిరిగే కడ్డీకి, దారం చుట్టి, ఆ దారం కొసకు 10 గ్రాముల బరువు వేలాడదీస్తారు. 15 సెకండ్లలో రోటరు అంచు 3 మిల్లీమీటర్లయినా కదిలిందా లేదా అని చూస్తారు. కదలకపోతే ఇంకో 10 గ్రాములు తగిలిస్తారు. మొదటి 10 గ్రాములకే కదిలిన ఆయిల్ మాత్రమే నెగ్గినట్టు, ఎందుకంటే సంప్‌లో ఆయిల్ తన బరువుతో తాను జారి పంపు దగ్గరకు రావలసిన బలం అంతకంటే ఎక్కువ ఉండదు. ఇన్ని యంత్రాల నడుమ ఒక దారమూ ఒక చిన్న బరువూ ఇంజన్ ప్రాణాన్ని తేల్చడం నాకు ఎంతో ఇష్టమైన విషయం. ఇప్పటి పరికరాల్లో ఈ పని చాలావరకు యంత్రాలే చేసుకుంటాయి, సూత్రం మాత్రం అదే.

సింథటిక్ ఆయిల్‌కు చలిలో ఉన్న గౌరవమూ ఇక్కడి నుంచే వచ్చింది. చిన్న అణువులను కలిపి తయారుచేసే పాలీఆల్ఫాఓలిఫిన్ నూనెల్లో మైనమే ఉండదు, కనుక అల్లుకోవడానికి ఏమీ లేదు. మామూలు మినరల్ ఆయిల్‌లో మైనాన్ని శుద్ధి కర్మాగారంలో వీలైనంత తీసేసి, మిగిలినది పెద్ద స్ఫటికాలుగా పెరగకుండా కొన్ని రసాయనాలు కలుపుతారు. 10డబ్ల్యూ దాకా ఈ పద్ధతితో నెట్టుకురావచ్చు, 0డబ్ల్యూకి మాత్రం సింథటిక్ గానీ, ఎంతో శుద్ధి చేసిన మూల నూనె గానీ తప్పదు.

ఇక ఎంపిక. ఉద్యోగాల కోసమో చదువు కోసమో కెనడాలోని విన్నిపెగ్, ఎడ్మంటన్ నగరాలకు, అమెరికాలోని మిన్నెసోటాకు చేరుకుని, మొదటి శీతాకాలానికి ముందే పాత కారు ఒకటి కొనుక్కునే తెలుగువారు చాలామంది ఉన్నారు. వారు ముందుగా తెలుసుకోవలసింది, బండి రాత్రంతా నిలబడే చోట అత్యల్ప ఉష్ణోగ్రత ఎంత అన్నది. పగటి సగటు ఇక్కడ పనికిరాదు. వాతావరణ వార్తల్లో ‘ఒంటికి మైనస్ 40లా అనిపిస్తుంది’ అని చెప్పే అంకె కూడా పనికిరాదు. చలిగాలి మన శరీరపు వేడిని త్వరగా లాగేస్తుంది కనుక ఆ అంకె మనుషులకు వర్తిస్తుంది. ఇంజన్ గాలికి త్వరగా చల్లబడుతుందే తప్ప అసలు గాలి ఉష్ణోగ్రత కంటే కిందికి ఎన్నటికీ పోదు. రాత్రి మైనస్ 20 దగ్గర ఆగే ఊళ్లో 5డబ్ల్యూ నిశ్చింతగా సరిపోతుంది. విన్నిపెగ్‌లా మైనస్ 30 దాటే రాత్రులు ఉండే చోట, బండి ఆరుబయట నిలిపేవారికి 0డబ్ల్యూ మంచిదని చెప్పడానికి నేను వెనకాడను. ఇంట్లో వెచ్చని గ్యారేజీ ఉన్నా ఆఫీసు దగ్గర బండి పదిగంటలు బయట నిలబడుతుందన్న సంగతి మరవకూడదు.

రెండో అంకె విషయంలో స్వతంత్రించకూడదు. అది ఇంజన్ తయారుచేసినవారు బేరింగుల సందులను, పంపును దృష్టిలో పెట్టుకుని నిర్ణయించినది. 5డబ్ల్యూ-40 కోరిన ఇంజన్‌లో చలి భయంతో 0డబ్ల్యూ-20 పోస్తే ఉదయం పూట సుఖంగా స్టార్ట్ అవుతుంది కానీ, హైవే మీద నిండు భారంతో పరుగెత్తేటప్పుడు ఆయిల్ పొర నిలవకపోవచ్చు. 150 డిగ్రీల వేడిలో, గట్టి ఒరిపిడిలో 20 తరగతి ఆయిల్ 2.6 మిల్లీపాస్కల్-సెకండ్లు నిలుపుకుంటే చాలు. 5డబ్ల్యూ-40కి కనీసం 3.5 ఉండాలి. చలికి మార్చదలిస్తే ముందు అంకెనే మార్చాలి: 5డబ్ల్యూ-40 బదులు 0డబ్ల్యూ-40. ఆ మార్పునైనా బండితో వచ్చిన మాన్యువల్‌లో ఉష్ణోగ్రతల పట్టిక చూసి, అందులో కోరిన ఇతర నాణ్యతా ప్రమాణాలు డబ్బా మీద ఉన్నాయో లేదో చూసుకుని చేయాలి.

మన ఊళ్లలో బండ్లలో పోసే 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 ఆయిళ్లను తక్కువచేసి చూడవలసిన పని లేదు. సున్నా దగ్గరికి దిగే లంబసింగి చలికి కూడా అవి మైనస్ 15 హద్దుకు ఎంతో ఇవతలే ఉంటాయి. లద్దాఖ్ సంగతి వేరు. అక్కడ ఆయిల్ ఒక్కటే కాదు, డీజిల్‌లోని మైనం కూడా గడ్డకట్టి ఫిల్టరును మూసేస్తుంది. అందుకే ఇండియన్ ఆయిల్ సంస్థ 2019లో పానిపట్ రిఫైనరీలో తయారైన, మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని శీతాకాలపు డీజిల్‌ను అక్కడ ప్రవేశపెట్టింది.

సరైన ఆయిల్ పోసినా ఒక హద్దు దాటాక ఇంజన్‌ను బయటి నుంచి వెచ్చబరచడం తప్పదు. అసలే మైనస్ 18 దగ్గర బ్యాటరీ శక్తి సుమారు సగానికి పడిపోతుంది, అదే సమయానికి ఇంజన్ తిప్పడానికి కావలసిన శక్తి పెరుగుతుంది. నార్త్ డకోటాకు చెందిన ఆండ్రూ ఫ్రీమన్ 1949లో పేటెంటు పొందిన ఇంజన్ హీటరు ఈ అవసరంలోంచే పుట్టింది. ఎడ్మంటన్‌లో కార్ల ముందు భాగం నుంచి కరెంటు ప్లగ్గు వేలాడుతూ కనిపించడానికి కారణం ఇలాంటి హీటర్లే. ఇవి ఎక్కువగా కూలెంటునూ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవాన్ని) ఇంజన్ బ్లాకునూ వేడిచేస్తాయి, సంప్‌లోని ఆయిల్‌కు ఆ వేడి కొంతే చేరుతుంది. స్టార్ట్ చేశాక చాలాసేపు నిలబెట్టి వేడిచేయడం కంటే అర నిమిషం ఆగి, యాక్సిలరేటరు మీద భారం వేయకుండా నెమ్మదిగా కదలడం మేలు; డాష్‌బోర్డు మీద కూలెంటు ముల్లు మామూలు స్థాయికి వచ్చిన తర్వాత కూడా ఆయిల్ ఇంకా చల్లగానే ఉంటుంది కనుక మొదటి కొన్ని కిలోమీటర్లు ఇంజన్‌ను గట్టిగా తిప్పకూడదు.

డబ్బా మీది అంకె కొత్త ఆయిల్‌కు మాత్రమే వర్తిస్తుందన్నది చాలామంది దృష్టికి రాదు. వాడకంలో ఆయిల్ ఆక్సీకరణం చెంది, మసి కలిసి చిక్కబడుతుంది. వేసవంతా తిరిగిన 5డబ్ల్యూ డిసెంబరు నాటికి 10డబ్ల్యూలా ప్రవర్తించవచ్చు. దీనికి తోడు, చలికాలంలో చిన్న చిన్న దూరాలే తిరిగే బండిలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. పెట్రోలు ఆవిరి, తేమ ఆయిల్‌లోనే మిగిలిపోతాయి. ఆయిల్ పోసే మూత విప్పితే లోపలివైపు తెల్లటి జిగట పూత కనిపించేది ఆ తేమ వల్లనే. పెట్రోలు కలిసిన ఆయిల్ చలిలో సులభంగానే కదులుతుంది కానీ వేడెక్కాక పొర నిలపలేదు. అందువల్ల గడ్డ చలి ప్రాంతాల్లో ఆయిల్ మార్పిడికి గడువు ఇంకా మిగిలి ఉన్నా, తొలి మంచు పడే లోపే, అంటే అక్టోబరులోనే, పాతది దించేసి కొత్త ఆయిల్, కొత్త ఫిల్టరు వేయించుకోవాలి. చిక్కటి ఆయిల్ ఫిల్టరులోంచి దూరలేనప్పుడు పక్క వాల్వు తెరుచుకుని వడపోయని ఆయిలే నేరుగా బేరింగుల దాకా వెళుతుంది. ఫిల్టరు పాతబడి సగం మూసుకుపోయి ఉంటే ఆ వాల్వు ప్రతి చలి ఉదయమూ మరింత ఎక్కువసేపు తెరిచి ఉంటుంది.