పాపాయికి కార్ సీటు చిన్నదైందా? కాళ్లు కాదు, తల చూడండి

పిల్లల కార్ సీట్లు బిగించడం, అందులో పిల్లల్ని సరిగ్గా కూర్చోబెట్టడం తల్లిదండ్రులకు నేర్పించడం నా పని. ఇక్కడ చెప్పేది పుట్టినప్పటి నుంచి వాడే చిన్న సీటు గురించి, అంటే పిడి పట్టుకుని బిడ్డతో సహా మోసేది, బిడ్డ ముఖం కారు వెనకవైపుకు ఉండేలా బిగించేది. ఎక్కువమంది వచ్చి అడిగేది ఒకటే, "మా వాడికి ఈ సీటు చాలట్లేదు, చూడండి" అని. చూస్తే సీటు ఇంకా సరిపోతూనే ఉంటుంది. ఇంకొందరు సీటు మాటే ఎత్తరు, బెల్టు మెలిపడిందనో ఇంకేదో అడగడానికి వస్తారు, వాళ్ల పాప తల చూస్తే సీటు పై అంచుకు ఆనుకుని ఉంటుంది. నాకు టెన్షన్ ఈ రెండోవాళ్ల గురించే.

అపోహ: ఏడాది నిండగానే సీటు మార్చాలి.

వయసుతో పని లేదు. పొడుగ్గా పెరిగే పిల్లలకు 8, 9 నెలలకే చిన్నదైపోవచ్చు, సన్నగా పొట్టిగా ఉండేవాళ్లకు పుట్టినరోజు దాటాక కూడా చక్కగా సరిపోవచ్చు. సీటు పక్కన అంటించిన స్టిక్కర్ మీద ఎంత బరువు వరకు, ఎంత పొడవు వరకు అని ఉంటుంది. రెండిట్లో ఏది ముందు దాటినా ఆ సీటు పని అయిపోయినట్టే.

అపోహ: బరువు ఇంకా దాటలేదుగా, ఫర్వాలేదు.

అన్నిటికన్నా ఎక్కువగా నేను చూసే పొరపాటు ఇదే. బరువు పరిమితి చాలా మోడళ్లలో 13 కిలోలు, కొన్నిట్లో దాదాపు 16 కిలోల దాకా ఉంటుంది. చాలామంది పిల్లలు అంత బరువు రాకముందే పొడవులో సీటును దాటేస్తారు. కారు ముందువైపు నుంచి గుద్దుకుంటే, వెనక్కి తిరిగి కూర్చున్న బిడ్డ ఒళ్లు సీటు వీపు వెంబడి కాస్త పైకి జారుతుంది, అప్పుడు తల అంచు దాటి బయటికి రాకూడదు. అందుకే చాలా కంపెనీలు తల పైన కనీసం 2.5 సెంటీమీటర్లు, అంటే ఒక అంగుళం, ఖాళీ ఉండాలంటాయి. తల అంచుకు సమానంగా వచ్చేదాకా వాడొచ్చనే మోడళ్లు కూడా ఉన్నాయి, కాబట్టి మీ మాన్యువల్‌లో ఏముందో అదే చివరి మాట.

కొలిచేటప్పుడు ముందు బిడ్డ పిరుదులు సీటు మూలకు పూర్తిగా ఆనించి, పట్టీలు బిగించండి. కిందికి జారి కూర్చున్న పిల్లని కొలిస్తే ఉన్నదానికన్నా పొట్టిగా కనిపిస్తుంది, మీరు మోసపోతారు. తర్వాత నడినెత్తి మీద ఒక గట్టి అట్టను అడ్డంగా పెట్టి, అక్కడి నుంచి సీటు గట్టి ప్లాస్టిక్ అంచు దాకా ఎంత ఉందో చూడండి. ఎండ పడకుండా వేసే గూడును, మెత్తను, చేత్తో పట్టుకునే పిడిని లెక్కలోకి తీసుకోవద్దు.

భుజాల సంగతి కూడా చూడాలి. వెనక్కి తిరిగిన సీటులో పట్టీలు భుజాలకు సమానంగా గానీ కాస్త కింది నుంచి గానీ రావాలి, బిడ్డ పైకి జారకుండా పట్టి ఉంచేది అవే. భుజాలు పట్టీలు బయటికి వచ్చే రంధ్రాల్లో అన్నిటికన్నా పైదాన్ని కూడా దాటితే సీటు చాలనట్టేనని కొన్ని కంపెనీలు అంటాయి, కొన్ని తల కొలతనే లెక్కలోకి తీసుకుంటాయి. అదీ మాన్యువల్‌లోనే ఉంటుంది.

అపోహ: కాళ్లు మడతపడుతున్నాయి, పాపం ఇరుగ్గా ఉంది.

అమ్మమ్మలూ నాయనమ్మలూ ఎక్కువగా బాధపడేది దీనికే, ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ పిల్లల కీళ్లు మనలా కాదు. బాసిపట్టు వేసుకుంటారు, కాళ్లు పైకెత్తి కారు సీటు వీపు మీద పెడతారు, అలాగే హాయిగా నిద్రపోతారు. వెనక్కి తిరిగి కూర్చున్న పిల్లలకు కాళ్ల గాయాలు అరుదు. ముందుకు తిప్పి కూర్చోబెట్టినప్పుడే గుద్దుకున్న వేగానికి కాళ్లు ఎగిరి ముందు సీటుకు బలంగా తగులుతాయి.

అపోహ: ఈ సీటు చిన్నదైంది, ఇక ముందుకు తిప్పేయొచ్చు.

దయచేసి ఇది మాత్రం చేయకండి. సీటు మార్చడం వేరు, దిశ మార్చడం వేరు. పసిబిడ్డ తల ఒంటితో పోలిస్తే చాలా పెద్దది, బరువైనది. మెడలోని వెన్నుపూసల భాగాలు ఇంకా పూర్తిగా ఎముకగా అతుక్కుని ఉండవు, మధ్యలో మెత్తటి మృదులాస్థి ఉంటుంది. ముందుకు తిరిగి ఉంటే పట్టీలు ఒంటిని పట్టేస్తాయి, తల మాత్రం ముందుకు విసురుగా పోతుంది, ఆ లాగుడంతా మెడ మీదే. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు మూడూ కలిసి సీటులోకే ఒత్తుకుంటాయి. కాబట్టి చిన్న సీటు తర్వాత కొనాల్సింది వెనక్కి తిప్పి బిగించగలిగే పెద్ద సీటు, కన్వర్టిబుల్ అంటారు చూడండి, అది.

అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2011లో రెండేళ్ల దాకా వెనక్కే ఉంచమని చెప్పి, 2018లో ఆ వయసు కూడా తీసేసి, సీటు పరిమితి ఉన్నంతవరకు వెనక్కే ఉంచమంది. పిల్లల కార్ సీట్ల భద్రత కోసం ఉన్న ఐక్యరాజ్యసమితి ఆర్129 నిబంధన 15 నెలలు దాటేదాకా ముందుకు తిప్పనివ్వదు. 15 నెలలంటే అంతకన్నా ముందు కుదరదని, ఆ రోజే తిప్పేయమని కాదు.

అపోహ: ఏడుస్తోందంటే సీటు చాలట్లేదు.

ఒక్కోసారి కారణం చాలా చిన్నది. పుట్టినప్పుడు పెట్టిన లోపలి మెత్త తీయకుండా అలాగే ఉంచేస్తారు, బిడ్డ ఇరుకుతుంది. దాన్ని ఏ బరువుకు తీయాలో మాన్యువల్‌లో ఉంటుంది. లావు స్వెట్టర్ మీద పట్టీలు బిగించినా అంతే, ఉక్కపోతకు ఏడుస్తుంది, పైగా పట్టీ ఒంటికి గట్టిగా పట్టదు.

అపోహ: సీటుతో సహా బిడ్డని మోయలేకపోతున్నాం, మార్చాల్సిందే.

సీటును కార్లోనే వదిలి బిడ్డని ఎత్తుకెళ్లండి. లేదా పెద్ద సీటు ఇప్పుడే కొన్నా తప్పులేదు, వెనక్కి తిప్పే బిగించాలి, అందులో బిడ్డ సరిగ్గా కుదరాలి.

అపోహ: మనకు అయిపోయిందిగా, తెలిసినవాళ్లకు ఇచ్చేద్దాం.

ఇవ్వొచ్చు, కానీ ముందు తిరగేసి చూడండి. చాలా సీట్ల అడుగునో వెనకో తయారీ తేదీ, ఎప్పటిదాకా వాడొచ్చో ఉంటాయి. ఆ గడువు దాటినా, సీటు ఉన్న కారుకు గట్టి ప్రమాదం జరిగినా ఎవరికీ ఇవ్వకండి. పారేసేటప్పుడు ఇంకెవరూ తీసి వాడకుండా పట్టీలు కత్తిరించి పారేయండి.