గుంపు ఆడించే ఆటకు స్థలపురాణం ఎలా పుడుతుంది: కొన్ని అపోహలు, వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ, ప్రేక్షకులు చాట్‌లో టైపు చేసే మాటలను ఆటలోని బొమ్మకు ఆజ్ఞలుగా మార్చే సాఫ్ట్‌వేర్ రాయడం ఆరేళ్లుగా నా వృత్తి. ఈ తరహా ప్రసారాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన తెలుగు మిత్రుల నుంచి, కొన్నిసార్లు పని అప్పగించే సంస్థల నుంచి కూడా, అవే నాలుగైదు మాటలు వినవలసి వస్తోంది. వాటిలో సగం నిజం ఉన్నవీ ఉన్నాయి, అసలు నిజం లేనివీ ఉన్నాయి.

అపోహ: వేలమంది తోచిన బటన్ నొక్కుతూ పోతే ఎప్పటికో ఒకప్పుడు ఆట దానంతటదే ముగుస్తుంది, అందులో తెలివికి చోటు లేదు.

వాస్తవం: ట్విచ్ అనే ప్రత్యక్ష ప్రసారాల వెబ్‌సైట్‌లో వచ్చిన, అందరూ ఉదాహరణగా చెప్పుకునే 'ట్విచ్ ప్లేస్ పోకెమాన్' ప్రసారం 2014 ఫిబ్రవరి 12న మొదలై, రాత్రింబవళ్లు ఆగకుండా నడిచి, మార్చి 1న 'పోకెమాన్ రెడ్' ఆటను (పోకెమాన్‌లనే వింత జీవులను పట్టి, పెంచి, పోటీలకు దింపే వీడియో గేమ్) పూర్తిచేసింది. పేరు బయటపెట్టని ఒక ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ రాసిన బాట్ (తనంతట తానే పనిచేసే ప్రోగ్రామ్) చాట్‌లోని మాటలను ఏరి, పాత ఆటను కంప్యూటర్‌లో నడిపే ఎమ్యులేటర్‌కు బటన్లుగా అందించేది. ఆజ్ఞలు పంపినవారు 11 లక్షల 65 వేలకు పైగా ఉన్నారు. ఒక దశలో ఏకకాలంలో 1,21,000 మంది చూశారు. కేవలం యాదృచ్ఛికంగా బటన్లు పడి ఉంటే పదహారు రోజుల్లో ఆట ముగిసేది కాదు. గుంపుకు దారి తెలుసు, లక్ష్యమూ తెలుసు. తెలియనిదల్లా బొమ్మ ఈ క్షణాన ఎక్కడ ఉందన్నదే.

ఎందుకంటే ఆటలో జరిగినది తెరమీద కనపడేసరికి అర నిమిషం అటూ ఇటూ గడిచిపోయేది. గట్టు అంచున నడిచే బొమ్మను చూసి మీరు 'పైకి' అని రాస్తే, అది అందేసరికి బొమ్మ ఎప్పుడో కిందికి దూకేసి ఉంటుంది. ఆ ఆటలో గట్టు దూకడమే గాని ఎక్కడం ఉండదు కనుక, చుట్టూ తిరిగి మళ్లీ మొదటికి రావాలి. అందరూ బుద్ధిగా ఒకే మాట రాసినా ఒక చిన్న గట్టు దగ్గర గంటలు గడిచిపోయేది ఇందుకే. నా అనుభవంలో ఈ అవస్థకు లక్షమంది అక్కర్లేదు, ఏడుగురు చాలు.

అపోహ: నష్టమంతా చెడగొట్టడానికే వచ్చినవాళ్ల వల్ల జరుగుతుంది.

వాస్తవం: అలాంటివాళ్లు ఉంటారు, కాదనను. అయితే ఫిబ్రవరి 23న, అభిమానులు 'రక్తసిక్త ఆదివారం' అని పిలుచుకునే రోజున, పన్నెండు పోకెమాన్‌లు శాశ్వతంగా చేజారిపోయింది గుంపు జాప్‌డాస్ అనే బలమైన పక్షిని కంప్యూటర్ పెట్టెలోంచి బయటికి తీసే ప్రయత్నంలోనే. 'తీసుకో', 'వదిలేయ్' అన్నవి ఒకే మెనూలో ఉన్నప్పుడు ఆలస్యమే సగం ద్రోహం చేస్తుంది.

అపోహ: ఓటింగ్ పెడితే సమస్య తీరుతుంది.

వాస్తవం: ఆటలోని దుష్టులైన రాకెట్ ముఠా స్థావరంలో, కాలు పెడితే బొమ్మను గిరగిరా తిప్పి ఎటో తోసే పలకల దగ్గర గుంపు చిక్కుకున్నప్పుడు 'ప్రజాస్వామ్యం' అనే పద్ధతి వచ్చింది, కొన్ని సెకన్లలో ఎక్కువ ఓట్లు పడిన ఆజ్ఞ మాత్రమే అమలవుతుంది. చిక్కు వీడిన మాట నిజమే. అయితే అందరి ఆజ్ఞలూ వచ్చినవి వచ్చినట్టు అమలయ్యే 'అరాచకం' అనే పాత పద్ధతే మేలన్నవారు 'స్టార్ట్9' అనే ఆజ్ఞకు ఓట్లు గుద్ది, మెనూను తొమ్మిదిసార్లు తెరిచి మూయిస్తూ ఆటనే స్తంభింపజేశారు. దీన్ని మన ఊరి సమ్మె అనుకుంటే సులువుగా అర్థమవుతుంది.

అపోహ: ఆ ప్రసారం చుట్టూ పుట్టిన శిలాజ దేవుడి కథలన్నీ పనిలేనివాళ్లు పక్కన కూర్చుని అల్లిన వేళాకోళం, ఆటతో వాటికి సంబంధం లేదు.

వాస్తవం: ఈ ఒక్క అపోహ మీద నాకు పట్టుదల ఎక్కువ. ఆటలో దొరికే హెలిక్స్ శిలాజాన్ని పారేయడానికి వీలుండదు. అందువల్ల సంచి తెరిచిన గుంపు చేతికి అది మాటిమాటికీ తగిలేది, యుద్ధం మధ్యలో కూడా. వాడబోతే 'దీన్ని వాడే సమయం ఇది కాదు' అన్న, ఆటలోని ఓక్ ప్రొఫెసర్ అనే పాత్ర మాట ఒక్కటే ప్రత్యక్షమయ్యేది. అడిగినప్పుడల్లా అదే జవాబిచ్చే రాయిని 'సంప్రదించడం' అనే ఆచారం అక్కడ పుట్టింది. పుల్ల శకునం చూసే ఇంట్లో పెరిగినవారికి ఇందులో వింత కనపడదు. ఆ తరువాత నీటి మీద ప్రయాణానికి ఈవీ అనే పోకెమాన్‌ను నీటి రాయితో వేపోరియన్ అనే నీటి జాతి రూపానికి మార్చవలసి ఉండగా, పొరపాటున నిప్పు రాయి తగిలి అది నిప్పు జాతి ఫ్లేరియన్ అయింది. వెంటనే అది 'దొంగ ప్రవక్త' అయిపోయి, ఏ నష్టం జరిగినా నింద దాని నెత్తినే పడింది. అనేక యుద్ధాలు గెలిపించిన పిడ్జియట్ పక్షి రక్షకుడైంది. చివరికి శిలాజంలోంచి ఒమనైట్ అనే పోకెమాన్ నిజంగానే ప్రాణం పోసుకున్నప్పుడు పురాణానికి అవతార ఘట్టమూ అమరింది. లక్షమంది కూర్చుని మాట్లాడుకునే వీలులేని చోట, ఎవరిని కాపాడాలో, ఎవరిని నమ్మకూడదో అందరికీ ఒకేసారి చేరవేసినది ఈ కథే.

అద్భుతం అనుకున్నదానికీ కారణం ఉంటుంది. ఆటలోని లాన్స్ అనే మేటి ప్రత్యర్థి పాత్రకు చెందిన డ్రాగొనైట్‌ను గుంపు పక్షాన ఉన్న బక్కచిక్కిన వెనమాత్ ఓడించడాన్ని అభిమానులు దైవలీల అన్నారు. ఆ ఆటలోని ప్రత్యర్థి బుద్ధి, ఎదుటివాడి మీద ఏ జాతి విద్య బాగా పనిచేస్తుందో చూస్తుందే తప్ప, ఆ విద్య అసలు దెబ్బ తీసేదా కాదా అన్నది చూడదు. వెనమాత్ విష జాతిది కనుక మానసిక జాతి విద్యలే మేలని ఎంచి, డ్రాగొనైట్ ఆ జాతికే చెందిన, తన వేగం, రక్షణ పెంచుకునే విద్యలనే మళ్లీ మళ్లీ ప్రయోగిస్తూ ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా నిలబడింది.

నా సొంత అనుభవం ఒకటి చెప్పి ముగిస్తాను. కిందటి ఉగాదికి, ఒక మిత్రుడు తయారుచేసిన పల్లెటూరి ఆటను యాభై అరవైమంది తెలుగువారి చాట్‌కు అప్పగించాను. 'పైకి', 'కిందికి', 'కుడి', 'ఎడమ' అన్నవే ఆజ్ఞలు. వాటిని రోమన్ లిపిలో ఒక్కొక్కరు ఒక్కో తీరున రాస్తారు కనుక, బాట్‌కు ఆ రాతలన్నీ నేర్పడానికే ఒక పూట పట్టింది. బొమ్మ బావి పక్కనున్న వేపచెట్టుకు ముప్పావుగంట సేపు గుద్దుకుంటూనే ఉండిపోయింది. ఈలోగా ఆ చెట్టు వేపచెట్టమ్మ అయింది, మొక్కులు మొదలయ్యాయి, ఎవరో తాత్కాలిక పూజారి కూడా తేలారు. నేను ఆలస్యాన్ని రెండు మూడు సెకన్లకు తగ్గించాను. బొమ్మ మూడు అడుగుల్లో చెట్టు దాటేసింది. 'అమ్మకు చెప్పకుండానే పోతారా' అని ఎవరో రాశారు. వరుసగా పదిహేను 'ఎడమ'లు పడ్డాయి, బొమ్మ వెనక్కి తిరిగి వెళ్లి మళ్లీ చెట్టును గుద్దుకుంది.